వార్తలలోని ధర్మసంశయములు : పఠనీయ గ్రంథములు

నేటి విద్యార్థికి వార్తల కొరత లేదు. ఉదయము పత్రికలోను, పగలెల్ల చేతిలోని ఫోనులోను, రాత్రి టెలివిజనులోను న్యాయస్థానముల తీర్పులు, చట్టసభల చర్చలు, సంఘమునందలి అన్యాయములు అతని చెవిని బడుచునే యున్నవి. కాని వానిని గూర్చి తన అభిప్రాయము చెప్పవలసివచ్చినపుడు అతనికి ఆధారమగునది తరచుగా ఒక శీర్షిక మాత్రమే. ఆ శీర్షిక వెనుక నున్న తీర్పులు, నివేదికలు, కావ్యములు, నవలలు ఏవి? వానిని ఏ వరుసలో చదువవలెను? ఈ రెండు ప్రశ్నలకు యథాశక్తి సమాధానము చెప్పుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ వ్యాసమునకు ప్రేరణ తరగతిలోనే కలిగినది. 2024 ఆగస్టు 1వ తేదీన సుప్రీంకోర్టు షెడ్యూల్డు కులముల వర్గీకరణమును గూర్చి తీర్పు చెప్పెను. ఆ వారమున నేను ఎం.ఏ. విద్యార్థులకు జాషువ కవి ‘గబ్బిలము’ పాఠము చెప్పుచుంటిని. నడుమ ఒక విద్యార్థి లేచి, “మాస్టారూ, గబ్బిలంలో ఉన్న ఆయన ఏ గ్రూపులోకి వస్తాడండీ?” అని యడిగెను. తరగతి నవ్వినది. అడిగినవాడు నవ్వలేదు. ఏండ్ల తరబడి ఆ కావ్యమును బోధించుచున్న నాకు సమాధానము తెలియలేదు. “కావ్యమునకు ఈ లెక్కలతో పని లేదు” అని యొక్క వాక్యముతో తప్పించుకొంటిని. విద్యార్థి కూర్చుండెను. ఆ సాయంకాలము నాకు తోచినది: ఆ ప్రశ్న కావ్యమునకు బయటిది కాదు, నా చదువునకు బయటిది. నేనును శీర్షికనే చదివి యుంటిని. తరువాత కొన్ని దినములు తీర్పులను, వానికి పూర్వమున్న పత్రములను వెదకి చదివితిని. ఆ చదువులో నాకు ఉపకరించిన పద్ధతినే ఇక్కడ నివేదించుచున్నాను.

1. పఠనమునకు మూడు మెట్లు

మొదటి మెట్టు మూలపత్రము. తీర్పును గూర్చిన వార్తను చదువుటకు పూర్వమో, వెనువెంటనో తీర్పునే చదువవలెను. ఇది న్యాయవాదుల పని యని మనవారు భయపడుదురు. రాజ్యాంగ ధర్మాసనముల తీర్పులలో ఆరంభమున చరిత్రయు, చివర నిర్ణయముల సంగ్రహమును సాధారణముగా ఉండును. ఆ రెండు భాగములను శ్రద్ధగల డిగ్రీ విద్యార్థి గ్రహింపగలడు. 2019 జులై నుండి సుప్రీంకోర్టు ఎంపికచేసిన తీర్పుల అనువాదములను కొన్ని భారతీయ భాషలలో ప్రకటించుచున్నది. మొదట ఎన్నుకొనబడిన భాషలలో తెలుగు ఒకటి. కావున ఇంగ్లీషు రాదనుట ఇక సంపూర్ణమైన కారణము కాజాలదు.

రెండవ మెట్టు వీగిపోయిన వాదము. గెలిచిన పక్షమునకు శీర్షిక దక్కును. ఓడిన పక్షము వాదము తీర్పు చివరి పుటలలో నిలిచిపోవును. దానిని చదువక విషయము తెలిసినదనుకొనుట ప్రమాదము. ఇందుకు తెలుగువారికి గర్వకారణమైన దృష్టాంత మొకటి కలదు. 1962 డిసెంబరులో ఖరక్ సింగ్ కేసున, పోలీసులు ఒక పౌరుని ఇంటిపై నిఘా పెట్టుట, అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టుట రాజ్యాంగ సమ్మతమా యను ప్రశ్న సుప్రీంకోర్టు ముందునకు వచ్చెను. రాత్రి తనిఖీలు చెల్లవని అందరును అంగీకరించిరి. కాని వ్యక్తిగత గోప్యత రాజ్యాంగము ప్రసాదించిన హక్కు కాదని అధికసంఖ్యాకులు చెప్పిరి. రాజమహేంద్రవరమున జన్మించిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు దీనిని అంగీకరింపక, గోప్యత వ్యక్తిస్వాతంత్ర్యమునందు అంతర్భాగమని వేరుగ అభిప్రాయము వ్రాసెను. న్యాయమూర్తి షా ఆయనతో ఏకీభవించెను. ఆనాడు ఆ అభిప్రాయము ఓడినది. 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము పుట్టస్వామి కేసున ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించి, ఖరక్ సింగ్ తీర్పులోని ఆ భాగమును త్రోసివేసినది. యాబదినాలుగేండ్లకు పైగా ఓడియున్న వాదము నేడు చట్టమైనది. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును గూర్చి వాదించు విద్యార్థి మొదట సుబ్బారావుగారి ఆ కొలది పుటలను చదువవలెను. దాచుకొనదగిన తప్పు ఉన్నవానికే గోప్యత కావలెనను సామాన్యవాదమునకు సమాధానము అందు లభించును. గోప్యత వేరు, రహస్యము వేరు. తలుపు మూసికొనువాడు తప్పు చేయుచున్నాడని భావింపరాదు.

మూడవ మెట్టు సాహిత్యము. చట్టము వర్గమును చూచును. నివేదిక సంఖ్యను చూచును. ఆ సంఖ్యలో నొకటియైన మనుష్యుని చూపునది కథయో, కావ్యమో. అయితే సాహిత్యమును మొదటి మెట్టుగ పెట్టుకొన్నవారు కరుణతో తృప్తిపడి ఆగిపోవుదురు. మూలపత్రమును చదివిన పిమ్మట చదివిన కావ్యము వేరొక విధముగ పలుకును. ఈ వరుస నాకు అనుభవమున తెలిసినది.

ఈ మూడు మెట్లను ఇటీవలి వార్తలలో మాటిమాటికి వినవచ్చుచున్న నాలుగు విషయములకు అన్వయించి చూతము.

2. వర్గీకరణము

షెడ్యూల్డు కులములకు కల్పింపబడిన ప్రత్యేకావకాశములు ఆ కులములన్నిటికి సమముగ అందుచున్నవా యను ప్రశ్న తెలుగునాటనే ఉద్యమరూపము దాల్చినది. 1994 జులైలో ప్రకాశము జిల్లా ఈదుముడి గ్రామమున మాదిగ దండోరా ఆరంభమైనది. 1996లో ప్రభుత్వము నియమించిన జస్టిస్ రామచంద్రరాజు కమిషను వర్గీకరణమునకు అనుకూలముగ నివేదించినది. 2000 సంవత్సరపు చట్టము ఆంధ్రప్రదేశమున 15 శాతమును నాలుగు భాగములుగ విభజించెను: రెల్లి మొదలగు వారికి 1, మాదిగ మొదలగు వారికి 7, మాల మొదలగు వారికి 6, ఆది ఆంధ్ర మొదలగు వారికి 1. 2004 నవంబరులో ఇ.వి. చిన్నయ్య కేసున అయిదుగురు న్యాయమూర్తులు ఆ చట్టమును కొట్టివేసిరి. రాజ్యాంగపు 341వ అధికరణము క్రింద రాష్ట్రపతి ప్రకటించిన పట్టిక ఒకే వర్గమనియు, దానిని విభజించు అధికారము రాష్ట్రములకు లేదనియు వారి తర్కము. ఇరువది యేండ్లకు, పంజాబు రాష్ట్రము – దవీందర్ సింగ్ కేసున, ఏడుగురిలో ఆరుగురు ఆ తర్కమును నిరాకరించిరి. పట్టికలో చేర్చుట ఒక కులమును గుర్తించుటయే గాని, అందలి కులములన్నియు ఏకరూపములని చెప్పుట కాదనియు, తగిన గణాంకముల ఆధారముతో రాష్ట్రము లోపలి భాగములను ఏర్పరుపవచ్చుననియు వారు నిర్ణయించిరి. మొత్తము అవకాశములను ఒకే భాగమునకు ఇచ్చి తక్కిన వారిని వెలివేయరాదని హద్దు పెట్టిరి.

ఈ తీర్పులో ఆరు అభిప్రాయములు కలవు. విద్యార్థి కనీసము రెంటిని చదువవలెను: ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ వ్రాసినది మొదటిది, ఒంటరిగ విభేదించిన న్యాయమూర్తి బేలా త్రివేది వ్రాసినది రెండవది. రాష్ట్రపతి పట్టికను మార్చు అధికారము పార్లమెంటునకు మాత్రమే కలదనియు, రాష్ట్రములకు ఆ ద్వారము తెరచినచో రాజకీయ ప్రయోజనములు అందు ప్రవేశింపవచ్చుననియు భయము ఆ రెండవ అభిప్రాయమున కలదు. వర్గీకరణమును కోరువారును ఆ భయమునకు సమాధానము చెప్పగలిగి యుండవలెను.

తీర్పు తరువాత జరిగినది మరియు బోధకరము. 2025లో తెలంగాణము 59 కులములను మూడు భాగములు చేసి 1, 9, 5 శాతములుగ పంచినది. ఆంధ్రప్రదేశము అట్లే మూడు భాగములు చేసి 1, 6.5, 7.5 శాతములుగ పంచినది. ఒకే భాష, ఒకే తీర్పు, ఒకే 15 శాతము; అయినను అంకెలు వేరు. తెలంగాణమున మాదిగ జనసంఖ్యయు, కోస్తా ఆంధ్రమున మాల జనసంఖ్యయు అధికమగుట ఇందుకు ముఖ్యకారణము. న్యాయసూత్రము ఒకటే యైనను అది నేలమీద దిగినపుడు లెక్క మారునని ఈ రెండు పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికి తెలియును.

ఇక గ్రంథములు. అంబేడ్కరు ‘కులనిర్మూలనము’ (1936) మొదట చదువదగినది. లాహోరులో చదువవలసిన ఆ అధ్యక్షోపన్యాసము సభ రద్దగుటచే చదువబడక పుస్తకమైనది. కులవ్యవస్థ అంచెలంచెలుగ నుండుటచే ప్రతి కులమునకు తనకంటె క్రింద మరియొకటి కనిపించుననియు, అందుచే అణగినవారందరును ఒక్కటి కాజాలకున్నారనియు అందు చూపబడినది. వర్గీకరణ వివాదమునకు మూలమంతయు ఈ పరిశీలనలో నిమిడియున్నది. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922) రెండవది. మద్రాసు ప్రభుత్వపు నిషేధమునకు గురియై, 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిమ్మట విముక్తమైన ఈ నవలలో రామదాసు కుటుంబపు కథ కలదు. మూడవది ‘గబ్బిలము’ (1941). ఈ రెంటిని వెంటవెంట చదివినవారికి ఒక విషయము స్ఫురించును. ఒక దానిలో మాలపల్లె, వేరొక దానిలో చెప్పులు కుట్టి జీవించు అరుంధతీయుడు. మన పాఠ్యప్రణాళికలు రెంటిని “హరిజనాభ్యుదయ సాహిత్యము” అను ఒకే పెట్టెలో బెట్టి ఈ భేదమును చెరిపివేసినవి. తరువాత వచ్చిన ‘చిక్కనవుతున్న పాట’ (1995) అను దళిత కవితా సంకలనమును, జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000) నవలను చదివినచో, ఆ పెట్టెను లోపలి వారే తెరచుకొన్న క్రమము తెలియును.

3. పాకీపని

మురుగునీటి గుంటలో దిగి ఊపిరాడక కార్మికులు మరణించిరను వార్త మనకు అలవాటైనది. పత్రిక దానిని ప్రమాదముల పుటలో వేయును. ఆ పుటయే మొదటి పొరపాటు. మానవుడు చేతులతో మలమును ఎత్తుట 1993 చట్టముచే నిషిద్ధమైనది. 2013 చట్టము మరింత విపులముగ నిషేధించి పునరావాసమును విధించినది. 2014 మార్చి 27వ తేదీన సఫాయి కర్మచారి ఆందోళన్ కేసున సుప్రీంకోర్టు 1993 నుండి మురుగుకాలువలలో మరణించిన ప్రతివాని కుటుంబమునకు 10 లక్షల రూపాయలు చెల్లింపవలెనని ఆదేశించినది. 2023 అక్టోబరు 20వ తేదీన బలరాం సింగ్ కేసున ఆ మొత్తమును 30 లక్షలకు పెంచినది.

2013 చట్టమును చదువునపుడు నిర్వచనములు గల అధ్యాయమును దాటిపోరాదు. అందు చేతిపాకీ పనికి ఒక నిర్వచనమును, రక్షణ పరికరములు లేకుండ మురుగుకాలువను శుభ్రపరచు ‘అపాయకరమైన శుద్ధి’కి వేరొక నిర్వచనమును కలవు. ఈ భేదమువలన ఒక విచిత్రము సంభవించినది. 2021లో పాకీపనివలన మరణములు సంభవించినట్లు సమాచారము లేదని ప్రభుత్వము పార్లమెంటున చెప్పినది. మురుగుకాలువలలో మరణములు మాత్రము సంభవించుచునే యున్నవి. రెండును ఒకే చట్టపు పదజాలములో ఇమిడినవి. పదార్థనిర్ణయము భాషాశాఖవారి వినోదమని తలచువారు ఈ యొక్క ఉదాహరణమును గమనింతురుగాక. ఇక్కడ ఒక పదముయొక్క అర్థమును బట్టి ఒక మరణము లెక్కకు ఎక్కుటయో, ఎక్కకుండుటయో జరుగుచున్నది.

తెలుగు పత్రికలు “పాకీ” అను మాటను విడిచి “పారిశుద్ధ్య కార్మికుడు” అని వ్రాయుచున్నవి. తిట్టుగా మారిన మాటను వదలుట న్యాయమే. కాని వీథిని ఊడ్చువాడును, గుంటలో దిగువాడును ఒకే మాటలో కలసిపోయినపుడు, నిషిద్ధమైన పని ఏదో పాఠకునకు తెలియకుండ పోవుచున్నది. ఒకే వాక్యమున “చట్టము నిషేధించిన పని చేయించుటచే” అని చేర్చినచో ఈ దోషము తొలగును.

ఈ విషయమున తెలుగువారి సంబంధము గాఢమైనది. కోలారు బంగారు గనుల ప్రాంతమున పాకీపని చేయు కుటుంబమున జన్మించిన బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారి తోడ్పాటుతో, ఆంధ్రప్రదేశమునందు ఈ పనికి వ్యతిరేకముగ ఉద్యమము నడపెను. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారము లభించినది. గీతా రామస్వామి ‘ఇండియా స్టింకింగ్’ (2005) ఆంధ్రప్రదేశమునందలి పాకీ పనివారిని గూర్చిన చిన్న పుస్తకము. దీనిని మొదట చదువవలెను. సాహిత్యమున ముల్క్ రాజ్ ఆనంద్ ‘అన్‌టచబుల్’ (1935), తకళి శివశంకర పిళ్ళ మలయాళ నవల ‘తోట్టియుడె మకన్’ (1947) ప్రసిద్ధములు. మొదటిది ఒక్క దినపు కథ. రెండవది అలప్పుళ పట్టణమున మూడు తరముల కథ. తన కొడుకు ఈ పని చేయరాదని తండ్రి పైకము కూడబెట్టును, తోటివారి సంఘమునకు ద్రోహము సైతము చేయును. అయినను చీపురు కొడుకు చేతికే వచ్చును. పరిహారపు మొత్తము 10 లక్షలా, 30 లక్షలా యని వాదించువారు, ఈ నవలలోని తండ్రి కోరినది పైకము కాదని గుర్తుంచుకొనవలెను. అతడు కోరినది కొడుకునకు వేరొక పని. 2013 చట్టపు శీర్షికలోని ‘పునరావాసము’ అను మాటకు అర్థము అదియే.

4. బాల్యవివాహము

స్త్రీ వివాహవయస్సును 18 నుండి 21కి పెంచుటకు 2021 డిసెంబరులో పార్లమెంటున ఒక బిల్లు ప్రవేశపెట్టబడినది. స్థాయీ సంఘమునకు పంపబడి, 2024లో లోక్‌సభ గడువుతో అది మురిగిపోయినది. అదే సంవత్సరము అక్టోబరు 18వ తేదీన సుప్రీంకోర్టు 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టముయొక్క అమలును గూర్చి విపులమైన మార్గదర్శక సూత్రములను ఇచ్చినది. శిక్షించుటకంటె నివారించుట ముఖ్యమని దాని సారాంశము.

ఇక్కడ మూలపత్రము జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. 2019–21లో జరిగిన అయిదవ సర్వే ప్రకారము, 20 – 24 ఏండ్ల స్త్రీలలో 18 నిండకమునుపే వివాహమైనవారు దేశమున 23.3 శాతము, తెలంగాణమున 23.5 శాతము, ఆంధ్రప్రదేశమున 29.3 శాతము. వీరేశలింగము పంతులు 1881లో మొదటి వితంతు వివాహము జరిపించిన నేలమీద ఈ సంఖ్య దేశపు సగటును మించియున్నది. ఈ యొక్క అంకెను చూచిన పిమ్మట సంస్కరణోద్యమ చరిత్రను మనము బోధించు ధోరణి కొంత మారవలెను. ముగిసిన కథగ దానిని చెప్పుటకు మనకు అధికారము లేదు.

‘కన్యాశుల్కము’ను ఈ దృష్టితో తిరిగి చదువవలెను. అప్పారావుగారు 1897 నాటి ప్రథమ ముద్రణమునకు ఇంగ్లీషున వ్రాసిన పీఠికను మన విద్యార్థులు సాధారణముగా చదువరు. విజయనగర మహారాజు విశాఖపట్టణపు జిల్లాలో మూడేండ్ల కాలమున జరిగిన శుల్క వివాహముల పట్టికను తయారుచేయించిన సంగతి అందు కలదు. ఆ పట్టిక కెక్కినవి 1034 వివాహములు. పెండ్లి నాటికి అయిదేండ్ల పిల్లలు 99 మంది. ఏడాది వయసు పిల్లలు సైతము ముగ్గురు. నవ్వించు నాటకమునకు ముందు గణాంకములు కూర్చుండియున్నవి! రచయిత మొదట లెక్కను చూచెను, పిమ్మట సుబ్బిని సృష్టించెను. నేను పైన చెప్పిన మెట్ల వరుసకు ఇంతకంటె ప్రమాణము కానరాదు.

ఈ నాటకము నుండి గ్రహింపదగిన మరియొక అంశము గిరీశము. ఆతడు సంస్కరణమును గూర్చి ధారాళముగ ఉపన్యసించును. వితంతు వివాహమును గూర్చియు, వేశ్యాసమస్యను గూర్చియు ఆతనికి రాని మాట లేదు. ఆతడు చదివినదేమో ఎవరికిని తెలియదు. శీర్షికలను చదివి వాదించు ప్రతివాడును ఆతని శిష్యుడే. తరగతిలో ఒక్క వాక్యముతో తప్పించుకొన్న అధ్యాపకుడును ఆ శిష్యకోటిలో చేరినవాడే.

చట్టపు పక్షమున 1891 నాటి సమ్మతి వయశ్శాసనము, బాలికకు 14 ఏండ్ల వయస్సును నిర్ణయించిన 1929 నాటి శారదా శాసనము, దానిని 18కి పెంచిన 1978 సవరణము, 2006 చట్టము, వరుసగా చదువదగినవి. 2006 చట్టము ప్రకారము బాల్యవివాహము సాధారణముగా తనంత చెల్లనిది కాదు. ఆ బాలికయో, బాలుడో కోర్టును కోరినపుడు రద్దగును. ఈ సూక్ష్మము తెలియక వయస్సును పెంచిన చాలునని వాదించుట వ్యర్థము. బడి మానిన పిల్ల, పెరిగిన కొలది పెరుగు కట్నపు భయము, ఊరిలో పై తరగతులు లేకుండుట – వీనిని వదలి అంకెను మాత్రము మార్చినచో నేరస్థుల సంఖ్య పెరుగును గాని బాల్యవివాహముల సంఖ్య తగ్గునని చెప్పజాలము. ఇందుకు ఎదురువాదమును కలదు: వివాహవయస్సున స్త్రీపురుష భేదము చట్టమున నుండుటయే అసమానతయని. అదియు బలవత్తరమైనదే. విద్యార్థి రెంటిని ఎదురెదురుగ నుంచి తూచవలెను.

5. చికిత్సా విరమణము

2004లో హైదరాబాదున కండరములు క్షీణించు వ్యాధితో మరణశయ్యపై నున్న ఇరువదియైదేండ్ల యువకుడు, తన అవయవములు ఇతరులకు ఉపకరించునట్లు తనను ముందుగనే మరణింపనిండని కోరెను. తల్లి ఆ కోరికతో హైకోర్టునకు వెళ్ళెను. 1994 నాటి అవయవ మార్పిడి చట్టము అందుకు అంగీకరింపదని కోర్టు నిరాకరించెను. డిసెంబరులో ఆ యువకుడు మరణించెను. ఆ తల్లి ప్రార్థన నాటి పత్రికలలో “కారుణ్యమరణము” అను పేర ప్రసిద్ధికెక్కినది.

ఆ పేరే ఇక్కడ చిక్కు. మందు ఇచ్చి చంపుటకును, నయముగాని రోగికి కృత్రిమ శ్వాసయంత్రమును తొలగించుటకును తెలుగున ఒకే మాట వాడుకలో నున్నది. చట్టమున ఈ రెంటికి నడుమ గట్టు కలదు. 2011 మార్చి 7వ తేదీన అరుణా షాన్‌బాగ్ కేసున సుప్రీంకోర్టు మొదటిదానిని నిషిద్ధముగనే యుంచి, రెండవదానిని నియమములతో అంగీకరించినది. కాని ఆ కేసున అడిగిన అనుమతిని మాత్రము ఇవ్వలేదు. 1973 నుండి ఆమెకు సేవచేయుచున్న ఆసుపత్రివారు ఆమె జీవింపవలెనని కోరిరి. 2018 మార్చి 9వ తేదీన కామన్ కాజ్ కేసున అయిదుగురు న్యాయమూర్తులు, గౌరవముతో మరణించుట జీవించు హక్కులో భాగమనియు, ఆరోగ్యవంతుడుగ నున్నపుడే తన చివరి చికిత్సను గూర్చి ముందుగ వ్రాసియుంచుకొనవచ్చుననియు తీర్పు చెప్పిరి. దానిపై మేజిస్ట్రేటు సంతకము కావలెనను నిబంధన ఆచరణమున అడ్డుకాగా, 2023 జనవరిలో కోర్టు దానిని సడలించి నోటరీయో, గెజిటెడు అధికారియో ధ్రువపరచిన చాలునన్నది. కావున “కారుణ్యమరణము” అనుటకు బదులు ఈ రెండవదానిని “చికిత్సా విరమణము” అని వ్యవహరించుట మేలని నా సూచన.

కామన్ కాజ్ తీర్పులో నాలుగు అభిప్రాయములు కలవు. అన్నిటి నిర్ణయము ఒక్కటే, దారులు వేరు. వానితో బాటు పింకీ విరానీ రచించిన ‘అరుణాస్ స్టోరీ’ (1998) చదువదగినది. దానికి సమాధానముగ, ఏండ్ల తరబడి సేవచేసిన నర్సుల పక్షమును గూర్చి 2011 తీర్పులో నున్న భాగమును తప్పక చదువవలెను. చంపుట దయయని యొకరు, పోషించుట దయయని వేరొకరు తలచినపుడు రెండు దయలలో దేనిని త్రోసివేయుదుము?

ఈ చర్చలో విద్యార్థులు భీష్ముని స్వచ్ఛందమరణమును ఉదాహరింతురు. కవిత్రయ భారతమును మరల తిరుగవేసిన యెడల ఈ పోలిక నిలువదని తెలియును. శంతనుని వరముచే భీష్ముడు ఉత్తరాయణము వచ్చువరకు మరణమును ఆపుకొనెను. అంపశయ్యపై నుండియు ధర్మములను చెప్పెను. నేటి రోగి కోరునది దీనికి విపరీతము: వచ్చుచున్న మరణమును యంత్రముతో ఆపవద్దని. అయినను ఒక పోలిక మిగిలియున్నది. ఇద్దరి విషయమునను నిర్ణయము మరణించువానిదే. భారతము నుండి ఈ చర్చకు తీసికొనదగినది అంతమట్టుకే.

6. ఉపసంహారము

పైన పేర్కొన్న గ్రంథములు, తీర్పులు అన్నియు ఒక సంవత్సరమున చదువుట సామాన్యునకు సాధ్యము కాదు. ఒక్కొక్క విషయమునకు మూడు చదువులు చాలును: ఒక మూలపత్రము, ఒక విభిన్నాభిప్రాయము, ఒక సాహిత్యగ్రంథము. వర్గీకరణమునకు 2024 తీర్పు, అందలి త్రివేదిగారి అభిప్రాయము, ‘గబ్బిలము’. పాకీపనికి 2013 చట్టము, గీతా రామస్వామి పుస్తకము, తకళి నవల. బాల్యవివాహమునకు అయిదవ సర్వే, 2021 బిల్లుపై ఇరుపక్షముల వాదములు, పీఠికాసహితముగ ‘కన్యాశుల్కము’. చికిత్సా విరమణమునకు 2018 తీర్పు, 2011 తీర్పులో నర్సుల పక్షము, ‘అరుణాస్ స్టోరీ’. ఇట్టి పట్టికను తెలుగు శాఖలు ఏటేట సవరించి గ్రంథాలయపు గోడపై నుంచినచో, తీర్పుల తెలుగు అనువాదములను తరగతిలో చదివి వాని పరిభాషను దిద్దినచో, ఆ శ్రమ వృథ కాదు.

ఆ విద్యార్థికి నేను పది దినముల పిమ్మట సమాధానము చెప్పితిని. 2000 నాటి చట్టమున అరుంధతీయులు రెండవ భాగమున, 7 శాతములో నున్నారని తెలిపితిని. అతడు వ్రాసికొని, “మరి జాషువా గారో, మాస్టారూ?” అని మరల అడిగెను. ఈ మారు తరగతి నవ్వలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడు షెడ్యూల్డు కులపువాడుగ పరిగణింపబడడు. కావున కావ్యనాయకునకు లభించు స్థానము క్రైస్తవుడుగ జన్మించిన కవికి ఏ భాగమునను లభింపదు. ఇది చెప్పి, ఆ ఉత్తర్వును, దానికి సిక్కులను చేర్చిన 1956 సవరణమును, బౌద్ధులను చేర్చిన 1990 సవరణమును చదువవలసినవిగ బోర్డుపై వ్రాసితిని. పాఠము ఆ దినము అంతటితో ఆగినది.

ఈ పట్టిక సమగ్రము కాదు.